వలీ ఇంట్లో చప్పుడు లేని టీవీ

దడ్వాయి వలీ అరవై రెండేళ్ళ వయసులో పాడు బొమ్మలు చూడటానికే ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకున్నాడన్న మాట పచ్చి అబద్ధం. వరంగల్ మట్టెవాడలో మన గల్లీకి ఇటు చివర ఇస్త్రీ బండి దగ్గర నుంచి అటు చివర పిండి గిర్నీ దాకా ఆ మాట తిరిగింది. తిరిగిన ప్రతి గుమ్మం దగ్గరా కొంచెం కొంచెం లావెక్కింది. టీవీ నలభై ఇంచులదని ఒకరంటే, కాదు, గోడంత ఉందని ఇంకొకరు. భార్యను వంటింట్లోకి పంపించి చూస్తాడని ఒకరంటే, ఆమె కూడా పక్కనే కూచుంటుందని చెప్పి చెవులు మూసుకున్నవారు ఇంకొకరు. ఇన్ని అన్నవాళ్ళలో పరదా ఎత్తి లోపలికి చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు. కాబట్టి జరిగిందేమిటో మొదటి నుంచీ చెప్పుకోవడమే మంచిది.

దడ్వాయి అంటే ఎనుమాముల మార్కెట్లో కాంటా వేసేవాడు. వలీ అక్కడ ముప్పై ఏళ్ళు మిర్చి బస్తాలు తూచాడు. ఆ ఘాటుకు దగ్గీ దగ్గీ గొంతు బొంగురుపోయింది, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు పొద్దున పూట ఒక హోల్‌సేల్ కిరాణంలో పసుపు, ధనియాలు తూచి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతాడు. చదువు రాదు. అంకెలు మాత్రం ఎంత దూరాన చూపించినా చదివేస్తాడు. చేతిలో చిన్న ఫోను, కాళ్ళకు రబ్బరు చెప్పులు, నోట్లో మూడు మాటలకు మించని మాట. అలాంటి మనిషి నెలకు తొమ్మిది వందల చిల్లర, పన్నుతో వెయ్యి దాటే ఇంటర్నెట్ పెట్టించాడంటే గల్లీ ఊరుకుంటుందా?

మాట పుట్టింది మహిపాల్ దగ్గర. మహిపాల్ ఇంటర్నెట్ తీగలు లాగేవాడు. నలభై ఐదేళ్ళ మనిషి, చెడ్డవాడేం కాదు. కానీ ఎవరింట్లో ఏ ప్లాను ఉందో కడుపులో దాచుకోలేడు. వలీ ఇంట్లో డబ్బా బిగించి, తిన్నగా వచ్చి చాయ్ హోటల్లో కూలబడ్డాడు.

"పెద్దాయన ఏమడిగిండో తెలుసా? అన్నిట్లకంటె ఎక్కువ స్పీడుది కావాలన్నడు. బొమ్మ ఆగొద్దు, ఒక్క గడియ గూడ ఆగొద్దన్నడు. టీవీకి స్పీకర్లు గిట్ల పెట్టాల్నా అంటె, 'సౌండుతోని నాకు పనిలేదు, బొమ్మ సాఫ్‌గ కనవడితె సాలు' అన్నడు."

పక్కన కూచున్న ఎల్లస్వామి గ్లాసు కింద పెట్టాడు. "సౌండు అక్కరలేని సినిమా ఏముంటది ర బై?"

అంతే. హోటల్లో నవ్వు లేచింది. ఆ నవ్వు సాయంత్రానికి గల్లీలోకి వచ్చింది. దానికి తోడు వలీ రోజూ పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు కాగానే ఇంట్లోకి పోయి తలుపు వేసుకోవడం, కిటికీ పరదా దించడం, ఆ పరదా మీద నీలం వెలుగు ఆడటం, లోపలి నుంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాకపోవడం, ఇవన్నీ జనం కళ్ళారా చూశారు.

అసలు ఇంత డబ్బు పెట్టి ఇంటికి ఇంటర్నెట్ అవసరమా అన్న పంచాయితీ మన గల్లీలో ఎప్పటి నుంచో నడుస్తోంది. ప్రేమలత ఇంట్లో పెట్టించుకున్నారు. నలుగురూ నాలుగు మూలల్లో కూచుని అన్నానికి కూడా ఫోన్లోనే పిలుచుకుంటున్నారు, కాబట్టి దండగ అంటుంది ప్రేమలత. అయినా తీయించదు. వలీ ఎదురింటి యాకమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "ఫోన్ల రోజుకు రెండు జీబీలు ఇస్తనే ఉన్నరు. అవ్వే ఒడుస్తలెవ్వు. ఇంక గోడకు తీగెందుకు, పైసలు కుట్టవెట్టినయా?"

వలీకి పైసలు కుట్టలేదు. కుట్టింది వేరే.

వలీకీ మెహరున్నీసాకూ ఒక్కతే బిడ్డ, షాహీన్. పుట్టుకతోనే వినపడదు. రెండేళ్ళు నిండాక ఆ సంగతి బయటపడింది. దవాఖానల చుట్టూ తిరిగారు, చెవికి మిషన్లు పెట్టించారు. చివరికి మాటలు నేర్పే పెద్దమనిషి ఒకాయన చెప్పాడు: "పిల్లను చేతులు ఊపనియ్యకండి. చేతులకు అలవాటు పడితే నోరు తిరగదు." అది ఆయన పొరపాటో, వలీ దాన్ని పట్టుకున్న తీరే పొరపాటో ఇప్పుడు తేల్చలేం. వలీ మాత్రం ఆ మాటను కాంటా రాయిలా పట్టుకున్నాడు. పిల్ల ఏదన్నా అడగడానికి చేతులు లేపితే చాలు, "చేతులు దించు" అనేవాడు. వినపడదు కాబట్టి తానే పట్టుకుని దించేవాడు. కొన్నాళ్ళకు ఆ అవసరం కూడా లేకపోయింది. తండ్రి గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల చేతులు వాటంతటవే ఒళ్ళో పడేవి.

ఒక దావత్ సంగతి ఉంది. అప్పుడు షాహీన్‌కు ఆరేళ్ళు. హన్మకొండలో చుట్టాల పెళ్ళి. బయట గుర్రం వచ్చింది. పిల్ల దాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బై, రెండు చేతులతో గుర్రాన్ని, దాని మీది కుచ్చుల్ని, దాని తోకని గాలిలో గీసి గీసి తండ్రికి చెప్పబోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "వలీ, నీ బిడ్డ డాన్సు చేస్తాందిరో!" అన్నారెవరో. వలీ కూడా నవ్వాడు. నవ్వుతూనే భుజం మీది రుమాలు తీసి, పిల్ల రెండు మణికట్లూ కలిపి కట్టేశాడు. ఏదో తమాషాకు చేసినట్టే చేశాడు. కానీ విప్పలేదు. భోజనాలు అయ్యేదాకా విప్పలేదు. మెహరున్నీసా ముద్దలు కలిపి నోట్లో పెడితే పిల్ల తిన్నది. ఆ పక్క బంతిలోనే యాకమ్మ కూడా బగారన్నం తింటూ కూచుంది. చూసింది. ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

ఈ వలీయే పెళ్ళికి ముందు పదేళ్ళపాటు ఎడ్ల అంగట్లో బేరాలు కుదిర్చే దలారీగా చేశాడు. అక్కడ ఎద్దు ధర పైకి చెప్పే ఆచారం లేదు. దలారీ, కొనేవాడు చేతులు కలుపుతారు, పైన రుమాలు కప్పుతారు. రుమాలు కింద ఏ వేలు పట్టుకున్నాడు, ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడు అన్నదే ధర. చుట్టూ వందమంది ఉన్నా మూడో మనిషికి తెలియదు. ఆ వేళ్ళ బేరంలో వలీని మించినవాడు లేడని పేరు. చేతులతో మాట్లాడి బతికిన మనిషి తన బిడ్డ చేతుల్ని కట్టేశాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని చాలా ఏళ్ళు అతనికి తోచనే లేదు.

నోటి మాట రానే లేదు. షాహీన్ బడి హాస్టల్లో తనలాంటి పిల్లల మధ్య చేతుల భాష నేర్చుకుంది. సెలవులకు ఇంటికి వస్తే వంటింట్లో తల్లితో గుట్టుగా ముచ్చట్లాడేది. తండ్రి దగ్గుతూ లోపలికి రాగానే రెండు జతల చేతులూ పిండిలోకి పోయేవి. తర్వాత ఖమ్మంలో టైలరు పని చేసే షకీల్‌తో పెళ్ళైంది. అతనికీ వినపడదు. ఆ ఇంట్లో అందరూ చేతులతో మాట్లాడతారు, షకీల్ తల్లి సబియా కూడా. షాహీన్ అక్కడికి పోయాక ఒళ్ళు చేసింది. వారానికోసారి ఫోన్లో తల్లికి కనపడేది. తండ్రి వెనక నుంచి ఒకసారి తొంగిచూసి బొటనవేలు లేపేవాడు. తండ్రీకూతుళ్ళ మధ్య ఉన్న భాష ఆ ఒక్క వేలే.

పోయిన వానాకాలంలో మెహరున్నీసా కంటి పొర తీయించుకుంది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద ఉంది. షాహీన్‌కు అప్పుడు ఏడో నెల. ఫోను మోగింది. మెహరున్నీసాకు తెర మసకగా ఉంది. ఫోను వలీ చేతికి వచ్చింది.

బిడ్డ ఏదో చెబుతోంది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరింది. గుండ్రంగా తిరిగే చక్రం వచ్చింది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి చెయ్యి ఇంకెక్కడో ఉంది. వింటున్న మాటల్లో మూడింట రెండు ఎవరో కోసేసినట్టు.

"ఏమంటాంది? చెప్పు జర," అంది మెహరున్నీసా.

"మంచిగనే ఉన్నదట."

"ఇంక?"

"నీ కండ్లు ఎట్లున్నయని అడుగుతాంది."

అదంతా కల్పనే. బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసుకోవడం ఒక్కటే వలీ చూశాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఇంటి కప్పులా పెట్టింది. కనుబొమలు ఎత్తి ఏదో అడిగింది. కడుపులో బిడ్డ బాగుందంటోంది కాబోలు అనుకున్నాడు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఇరవై ఆరేళ్ళ బిడ్డ ముందు, పక్కన భార్య చెవులు రిక్కించి ఉండగా, ఎలా ఒప్పుకుంటాడు? పళ్ళన్నీ కనపడేలా నవ్వి బొటనవేలు లేపాడు.

తెరలో షాహీన్ కదలకుండా ఉండిపోయింది. బొమ్మ మళ్ళీ ఆగిందనుకున్నాడు వలీ. కానీ ఆమె వెనక గోడకు ఉన్న క్యాలెండర్ ఫ్యాను గాలికి ఊగుతూనే ఉంది. కాసేపటికి ఆమె చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. ఫోను ఆగిపోయింది.

మూడో రోజు సబియా ఫోను చేసింది.

"భాయ్‌సాబ్, మొదటి కాన్పు తల్లిగారింట్ల చేస్తరని మేం సంచి గూడ సదిరిపెట్టినం. మీరు వద్దంటిరట గదా. అమ్మకు కండ్లు బాగలెవ్వు, నన్ను తోలుకపోతరా, ఖమ్మంలనే కనాల్నా అని అడిగిందట మీ బిడ్డ. ఇక్కడ్నేనా అంటె మీరు బొటనేలు లేపిండ్రట. మంచిదే, మేమే చూసుకుంటం, ఫికర్ లేదు. గని నవ్వుడెందుకు భాయ్‌సాబ్? పోరి అన్నం తింట లేదు."

వలీ ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అర్థం కాకపోవడం పోనీ, అర్థమైనట్టు నటించాడు. నటించి, బిడ్డను పుట్టింటికి రావద్దన్నాడు. అదీ నవ్వుతూ అన్నాడు. షాహీన్‌కు అందులో అనుమానం కూడా రాలేదంటే ఆశ్చర్యం ఏముంది? గల్లీలో నలుగురి ముందు తన చేతులు కనపడటం ఈ తండ్రికి ఇష్టం లేదని ఆమెకు ఆరేళ్ళప్పటి నుంచే తెలుసు.

అక్కడితో ఆగాడా అంటే ఆగలేదు. మర్నాడు యాకమ్మ గుమ్మం ముందరి గద్దె మీద కూచుని అడిగింది: "తమ్మీ, పిల్లనెప్పుడు తోలుకొస్తానవ్?" వలీ కిందికి చూస్తూ, "అత్తగారు పంపుత లేదక్కా," అన్నాడు. ఇక చూస్కోండి, నెల రోజులు యాకమ్మ ఆ సబియాను తిట్టని తిట్టు లేదు. వలీ తలుపు వెనక నిలబడి ఆ తిట్లన్నీ విన్నాడు. అవి ఎవరికి తగలాల్సినవో అతనికి తెలుసు.

సబియా ఫోను సంగతి ఇంట్లో మెహరున్నీసాకూ తెలిసింది. మూడో రోజు నల్లద్దాలతోనే రొట్టెలు చేస్తూ, వెనక్కి తిరక్కుండా అంది:

"ఎడ్లను అమ్మినన్ని రోజులు నీ ఏళ్ళు మాట్లాడినయి. రుమాలు కిందికెల్లి ఎవ్వనికి కనవడకుంట వేలకు వేలు మాట్లాడినయి. అప్పుడు నీకు ఇజ్జత్ పోలే. నా బిడ్డ గుర్రాన్ని చూసి రెండు చేతులు లేపితె మాత్రం పోయింది."

వలీ మర్నాడే ఖమ్మం రైలెక్కాడు. బిడ్డను తెచ్చుకుందామనే పోయాడు. అప్పటికే బీపీ పెరిగిందని, ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పింది. షాహీన్ ఎదురుగా కుర్చీలో కూచున్నాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. దుప్పటా కింద చేతులు పెట్టుకుని ఎదురుగా కూచుంది. వలీ చేతులు వలీ ఒళ్ళో ఉన్నాయి. తప్పైపోయింది అని చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. నోరుంది, అది ఆమెకు పనికిరాదు. వేళ్ళున్నాయి, వాటికి ధరలు తప్ప వేరే రావు. రాసి ఇద్దామంటే అక్షరం రాదు.

"మీరే చెప్పున్రి నా తరఫున," అని సబియాను బతిమాలాడు.

"నేనెందుకు చెప్త? మీ మాట మీరే చెప్పుకోన్రి భాయ్‌సాబ్. మధ్యల మనిషి ఉంటె అది మాటనా?"

ఆ సాయంత్రం ముందరి గదిలో షకీల్ తన దోస్తులతో ఫోన్లో ముచ్చట పెట్టాడు. ఇటు చేతులు, అటు చేతులు, పిట్టల్లా ఎగురుతున్నాయి. మధ్యలో పకపకా నవ్వు. ఒక్క వేలు కూడా చెదరలేదు. వలీ నోరు తెరుచుకుని చూస్తుంటే సబియా అంది: "మాకు ఇంటికి మంచి నెట్ ఉన్నది. మీ ఫోన్ల బొమ్మ మాటిమాటికి ఆగుతది. మనకు ఆగితె సినిమా ఆగినట్టు, వీళ్ళకు ఆగితె నోరు మూసినట్టు."

వరంగల్ వచ్చిన రోజే మహిపాల్‌ను పిలిపించాడు. బొమ్మ ఆగొద్దు, సౌండుతో పనిలేదు అన్న మాట అప్పటిది. ఫోన్లో వచ్చేది పెద్ద టీవీలో పడేలా పెట్టించింది మెహరున్నీసా కళ్ళ కోసం.

కాన్పు సుఖంగా అయింది, మగపిల్లవాడు. బాలింత లేచి తిరిగాక చదువు మొదలైంది. నేర్పమని అడిగింది కూడా మెహరున్నీసాయే, వలీ కాదు. మగ్రిబ్ తర్వాత రోజూ అరగంట. షాహీన్ ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని మెల్లగా, ఒక్కొక్కటిగా చేసి చూపేది. నీళ్ళు. అన్నం. పాలు. నిద్ర. అమ్మ. వలీ చాప మీద కూచుని, గట్టిపడిన వేళ్ళను వంచుకుంటూ చేసేవాడు. ఒకరోజు నాకు ఆకలిగా ఉంది అనబోయి కోపంగా ఉంది అన్నాడట. షాహీన్ నవ్వలేదు, సరిచేసింది. అదే అతన్ని తొలిచేది. టీచరమ్మ పక్కింటి పిల్లాడికి చెప్పినట్టు, పద్ధతిగా, మర్యాదగా చెప్పేది. తన సంగతి ఒక్కటి చెప్పేది కాదు. అతన్ని ఒక్కటి అడిగేది కాదు. పాఠం అయిపోగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, ఫోను ఆపేసేది. ఇంకేమన్నా అంటుందేమోనని వలీ ఖాళీ తెర వైపు చూస్తూ కూచునేవాడు. ఆరు నెలలు అలా కూచున్నాడు. వెయ్యి పెట్టి కొన్నది నీళ్ళు, అన్నం నేర్చుకోవడానికి కాదని అతనికి తెలుసు. బిడ్డ తనంతట తాను చేతులెత్తి ఒక్క మాట అనాలి. దాని కోసమే.

తలుపు వేసుకునేది సిగ్గుతోనే. తెల్లగడ్డం మనిషి పాలు, నీళ్ళు అని చేతులూపుతుంటే చూసిన గల్లీ నవ్వదా? ఒకప్పుడు దావత్‌లో నవ్వినట్టే నవ్వుతుంది. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆరేళ్ళ పిల్లకు తెలుసు, ఇప్పుడు ఇతనికి తెలియాలి. అంత ధైర్యం ఇంకా రాలేదు.

ఇంతలో ఆ పాడు మాట చెవిన పడింది. చాయ్ హోటల్లో ఎల్లస్వామి మొహం మీదే అన్నాడు: "వలీ భాయ్, ఒక్కనివే చూస్తె ఎట్ల? మమ్ముల గూడ పిలువు. సౌండు మేం పెడ్తం!" వలీ పళ్ళికిలించి, చాయ్ డబ్బులు ఇచ్చి, ఇంటికి వచ్చేశాడు. ఎండాకాలంలో వాళ్ళ ఫ్రిజ్‌లో ఐసు ముక్కల కోసం గిన్నెలు పట్టుకుని వచ్చే పిల్లలు రావడం మానేశారు. యాకమ్మ మనవరాలు కూడా మానేసింది. ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టి పడి ఉంది.

"చెప్పరాదు నిజం? ఎన్ని రోజులు పడ్తవ్?" అంది మెహరున్నీసా.

"ఆళ్ళు అనుకునేది అబద్దం. నేను చెప్పాల్సింది నిజం. రెండిట్ల ఏది పాడుగున్నదో నువ్వే చెప్పు."

మెహరున్నీసా లేచి కిటికీ పరదా దించింది.

యాకమ్మకు ఇక కడుపు ఆగలేదు. నలభై ఏళ్ళు ఎదురెదురు గుమ్మాల్లో బతికి, ఆ గుమ్మంలో జరిగేది తెలియకపోవడం ఆమెకు ఒంట్లో జ్వరంలా ఉంది. మొన్న ఒక సాయంత్రం చేతిలో చిన్న గిన్నె పట్టుకుంది. పెరుగు తోడు కావాలన్నది సాకు. తలుపుకు గడియ వేసి లేదు, తోసింది. పరదా ఎత్తింది.

ఎదురుగా గోడకు పెద్ద టీవీ. టీవీలో షాహీన్. యాకమ్మ ఎరిగిన షాహీన్ కాదు. జుట్టు రేగిపోయి, కళ్ళు ఎర్రబడి, రెండు చేతులూ గాలిని చరుస్తున్నాయి. ఎంత వేగంగా అంటే చూసే కళ్ళు తిరిగాయి. వెనక చాప మీద పిల్లాడు బోర్లాపడి ఆడుకుంటున్నాడు. ఇవతల వలీ చాప మీద తల ఎత్తి కూచున్నాడు. చెంపల మీద నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. తల తిప్పితే ఒక మాట పోతుందన్నట్టు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పక్కన మెహరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

తెరలో షాహీన్ చేతులు ఠక్కున ఆగాయి. ఆమె యాకమ్మను చూసింది. దుప్పటాతో మొహం తుడుచుకుంది. ముక్కు ఎగబీలుస్తూనే, రెండు వేళ్ళతో గాలిలో పరదా పక్కకు తీసి, ఒక కన్ను మూసి తొంగిచూసినట్టు చేసింది.

"ఏందది?" అంది యాకమ్మ గుమ్మంలోనే.

వలీ గొంతు సరిచేసుకున్నాడు. "నిన్నే పిలుస్తాంది అక్కా. అది నీ పేరు."

"నా పేరా? గట్లనా నా పేరు?"

"చిన్నప్పటికెల్లి అదే," అంది మెహరున్నీసా. "నేనూ బిడ్డా నిన్ను గట్లనే అనుకుంటం."

యాకమ్మ గిన్నె చంకలో పెట్టుకుని, తాను కూడా పరదా తీసి తొంగిచూసినట్టు చేసింది. తెరలో షాహీన్ నవ్వింది. పిల్లాణ్ణి ఎత్తి చూపింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, ఇంకా అయిపోలేదన్నట్టు ఒక వేలు ఆడించి, ఫోను ఆపింది.

యాకమ్మ అక్కడే చాప అంచున కూలబడింది. సంగతంతా మెహరున్నీసా నోటి నుంచి వచ్చింది. బొటనవేలు, ఖమ్మం, సబియా, అన్నీ. వలీ తల ఎత్తలేదు. యాకమ్మ చాలాసేపు గిన్నెను అటూ ఇటూ తిప్పింది.

"ఆ దావత్‌ల నేను గూడ ఉంటి తమ్మీ," అంది చివరికి. "పక్క బంతిల్నే ఉంటి. రుమాలు ఇప్పురా అని ఒక్క మాట అంటె నా సొమ్మేం పోవు? బగారన్నం చల్లగయితదని తిన్న. ఆ సబియమ్మ తప్పేం లేకున్నా తిట్టరాని తిట్లు తిట్టిన. ఇగ నువ్వు పాడు బొమ్మలు చూస్తానవని... పిల్లను ఐసుకు పంపకుండా చేసింది నేనే."

యాకమ్మ ముక్కు చీదుకుంది. కానీ ఆమె యాకమ్మ. ఎంత సిగ్గుపడినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. నెల నెల వెయ్యి రూపాయలు. ఖమ్మానికి రైలుకు అంతకంటె తక్కువైతది. పోయి కండ్లముందట కూసోని చూడొచ్చు. గంత పైసకు ఏమొస్తాంది తమ్మీ నీకు? నిజం చెప్పు."

వలీ అప్పుడు తల ఎత్తాడు.

"రైలుల పోయి కూసున్న అక్కా, నా ముందట నా బిడ్డ చెయ్యే లేపలే. ఇక్కడ ఆరు నెల్లు నీళ్ళు, పాలు, అన్నం అనుకుంట నేర్పింది. తన మాట ఒక్కటి చెప్పలే. ఇయ్యాల తిట్టింది. నువ్వచ్చేటాలకు తిడ్తనే ఉన్నది. ఎందుకు కట్టినవ్ అన్నది, ఎందుకు నవ్వినవ్ అన్నది. బొమ్మ ఒక్కపారి గూడ ఆగలే. సగమే సమజైంది నాకు. తతిమ్మ సగం సమజయ్యేదాక ఆ వెయ్యి కడ్త."